డిటో రిజిస్టరు

కోసిగి అవతల ఒక చిన్న ఊరి హైస్కూల్లో విశ్వాసమ్మ లైబ్రేరియన్. రెండువేల ఏడు జూన్‌లో ఒక సోమవారం పొద్దున ఆవిడ కొత్త రిజిస్టరు తెచ్చి, ఎర్ర పెన్సిలుతో గడులు గీసింది. తేదీ, పేరు, ఇంటర్నెట్‌లో చూసిన విషయం, సంతకం. లైబ్రరీలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌ను ఎంతటివాళ్ళు ముట్టుకున్నా ఇందులో రాయాల్సిందేనని నియమం పెట్టింది.

దీనికంతటికీ కారణం హెడ్మాస్టరు కేశవయ్యగారు. పిల్లలు అడ్డమైనవన్నీ చూసి చెడిపోతున్నారని, కంప్యూటర్‌ను తన గదిలోకి మార్పించమని ఆయన పై ఆఫీసుకు రాశారు. సంగతి తేల్చడానికి వచ్చే వారం కర్నూలు నుంచి తనిఖీ అధికారి వస్తున్నారు. విశ్వాసమ్మకు ఆ మిషన్ అంటే ప్రాణం. అది రాకముందు ఆ లైబ్రరీలో పుస్తకాలు తిరగేసింది చెదపురుగులే. ఇప్పుడు వంతు కోసం కూర్చున్న పిల్లలు ఊరికే ఉండలేక అలమారలోంచి ఏదో ఒకటి తీసి చదువుతున్నారు. మిషన్ పోతే పిల్లలూ పోతారని ఆవిడ భయం.

మొట్టమొదట, పరీక్షించి చూస్తానంటూ కేశవయ్యగారే వచ్చి గంటసేపు కూర్చున్నారు. లేచేటప్పుడు ఆవిడ రిజిస్టరు ముందుకు జరిపింది. విషయం గడి తానే నింపింది. ఆదివారం చర్చిలో వాక్యం చదివే మనిషి కనుక చూసింది చూసినట్టు రాసింది. ఆయనకేమో ఏ కాగితాన్నీ చదివి సంతకం పెట్టే అలవాటు లేదు. గీకి వెళ్ళిపోయారు.

రెండో వంతు పదో తరగతి రమ్యశ్రీది. క్రికెట్ స్కోరు అని రాస్తే మేడమ్ తిడుతుంది, పాఠం అని రాస్తే దొరికిపోతుంది. ఆ పిల్ల బుద్ధిగా డిటో అని రెండు గీతలు గీసి సంతకం పెట్టింది. హెడ్మాస్టరుగారు చూసిందే నేనూ చూశానంటే అడిగేవాళ్ళెవరు? వెనకవాళ్ళందరికీ ఆ పద్ధతి తెగ నచ్చింది. వారం పైబడేసరికి పేజీలకు పేజీలు డిటోలతో నిండిపోయాయి. ఒక్క గడీ ఖాళీ లేదని విశ్వాసమ్మ మురిసిపోయింది.

తనిఖీకి ముందురోజు ఊడ్వడానికి వచ్చిన అటెండర్ గిడ్డమ్మ, కంప్యూటర్ ముందు కూర్చున్న రమ్యశ్రీ భుజం మీంచి తొంగిచూసి అందులో ఏముందని అడిగింది.

“వాన పడతాండాదంటవ్వా, ఆట నిలిపేసినారు” అంది పిల్ల, స్కోరు మీంచి కళ్ళు తీయకుండా.

ఎక్కడ పడుతోందని గిడ్డమ్మ అడగలేదు. మృగశిర కార్తె దాటిపోతున్నా చినుకు రాలని ఊరికి ఆ ఒక్క మాట చాలు. సాయంత్రానికల్లా బడిలో మిషన్ వాన కబురు చెబుతోందని ఊరంతా పాకింది.

మర్నాడు పొద్దున విశ్వాసమ్మ వచ్చేసరికి లైబ్రరీ ముందు ఇరవైమంది రైతులు. అది ఇంగ్లండులో పడే వాన అని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ కదల్లేదు.

“పడనీ మేడమ్మా. ఆడ పడింది ఈడికి రాకుండా యాడికి పోతాది?” అన్నాడు సుంకన్న అనే పెద్దాయన.

విత్తనం ఇంట్లో పెట్టుకుని ఆకాశం కేసి చూస్తున్న మనుషుల్ని పొమ్మనడానికి ఆవిడకు నోరు రాలేదు. లోపలికి రానిచ్చింది. నియమం నియమమే గనక వరసగా అందరిచేతా వేలిముద్రలు వేయించింది. గడులు నింపడానికి రమ్యశ్రీ సాయం చేసింది. ఎలా నింపిందో చెప్పనక్కర్లేదు.

సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి దిగారు. తలపాగాలతో కిక్కిరిసిన లైబ్రరీని చూసి కేశవయ్యగారి ముఖం వెలిగిపోయింది.

“చూడండి సార్, ఇది లైబ్రరీనా, సంతనా? మిషన్ నా రూములో ఉంటే ఈ గలాటా ఉంటాదా? కావాలంటే రికార్డు చూడండి” అంటూ రిజిస్టరు తానే తీసి ఆయన చేతిలో పెట్టారు.

అధికారి చివరి పేజీ తెరిచారు. పైనుంచి కిందిదాకా డిటోలు.

“దేనికమ్మా ఇన్ని డిటోలు?”

ఆయన ఒక పేజీ వెనక్కి తిప్పారు. అక్కడా డిటోలే. ఇంకొకటి తిప్పారు. కేశవయ్యగారు, రైతులు, పిల్లలు, అందరూ ఆయనతోపాటు వంగి చూస్తున్నారు. పదకొండు పేజీలు తిప్పాక మొదటి గడి దొరికింది. అధికారి పైకి చదివారు.

“కేశవయ్య, హెడ్మాస్టరు. చూసిన విషయం: పేకాట.”

కేశవయ్యగారు చప్పున రిజిస్టరు మూయబోయారు. సుంకన్న బిక్కమొహంతో ముందుకొచ్చాడు.

“అంటే నేనూ పేకాడినట్టేనా సారూ? మహానంది కోనేట్లో మునిగి ఒట్టేసుకుని మానేసినా. మా ఇంటిదానికి తెలిస్తే గడప తొక్కనీదు.”

అధికారి సుంకన్నను ఓదార్చి, కంప్యూటర్ లైబ్రరీలోనే ఉండాలని అక్కడికక్కడే రాసిచ్చారు. హెడ్మాస్టరుగారు చూడదలిస్తే విశ్వాసమ్మ ఎదురుగా కూర్చుని చూడాలన్నారు. చేసుకున్నవాడికి చేసుకున్నంత. విశ్వాసమ్మ కళ్ళు తుడుచుకుని దేవునికి స్తోత్రం చెప్పుకుంది.

అందరూ వెళ్ళాక, మిషన్ అసలు పనిచేస్తోందో లేదో చూడాలి కదా అంటూ అధికారి దాని ముందు కూర్చున్నారు. ముప్పావుగంటకు లేచారు. విశ్వాసమ్మ రిజిస్టరు ముందుకు జరిపింది.

ఆయన పెన్ను తీసి, విషయం గడి దగ్గర కాసేపు ఆలోచించి, రెండు గీతలు గీశారు.