ఎరుక అనబడే మరక

పాప అన్నది "మరక". తాతగారికి వినబడింది "ఎరుక". కళాచరిత్రలో కొత్త అధ్యాయం మొదలవడానికి ఆ కాస్త తేడా చాలింది.

తాతగారు రిటైరైన ప్రిన్సిపాల్. ఆయన చెవి మిషన్ బీరువాలో భద్రంగా ఉంది. పెట్టుకుంటే వయసు బయటపడుతుందట. పైగా ఉద్యోగమంతా చెప్పడంతోనే సరిపోయింది. వినడం ఆయన బాధ్యతల్లో ఎన్నడూ లేదు.

ఆరేళ్ల మనవరాలు తెచ్చి ఒళ్లో పెట్టిన కాగితం నిండా నీలిరంగు చెమ్మ పాకి ఉంది.

"తాతా, ఇది మరక. ఇటు తిప్పు, బొమ్మ ఇటుంది."

"ఎరుక! ఏమేవ్, విన్నావా? మహామహులకే అందనిది, పాలపళ్లు ఊడని పిల్ల పట్టేసిందే!"

"నేను విన్నాను. వినందల్లా మీరే," అంది వంటింట్లోంచి బామ్మగారు. అదీ ఆయన వినలేదు.

ఆ సాయంత్రమే ఫ్రేము కట్టించారు. మరక వైపు అద్దం, బొమ్మ వైపు అట్ట. "నా బొమ్మ లోపలుండిపోయింది" అంటూ పాప కొట్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. సృష్టి జరిగాక కళాకారులకు ఇలాంటి శూన్యం సహజమేనని తాతగారు ఓ చాక్లెట్ కొనిపెట్టారు.

ఎదురింటి డాక్టరుగారు చూసి "ఏం ఒలికిందండీ?" అన్నారు. తక్షణం ఆయన కళాద్వేషిగా ప్రకటించబడ్డారు. మర్నాడే వచ్చి, మరక ముందు కళ్లు మూసుకు నిలబడి, తనకూ ఏదో అయిందని ఒప్పుకుని పౌరహక్కులు తిరిగి పొందారు. ఆ తర్వాత వీధిలో ఎవరికీ ఏమీ కాకుండా ఉండలేదు.

చివరికి లైబ్రరీ హాల్లో ఆవిష్కరణ సభ. విశేషణాలాయన అని పేరుపడ్డ విమర్శకుడు మైకందుకున్నాడు.

"సభాసదులారా! నీలంలో 'నీ' ఉంది, 'నా' లేదు! అహం కరిగిన రంగిది! అర్థమైందా?"

అర్థం కాలేదని చెప్పే ధైర్యం లేనివాళ్లంతా చప్పట్లు కొట్టారు. హాలు దద్దరిల్లింది.

తర్వాత చిన్నారి కళాకారిణిని కుర్చీ ఎక్కించారు. ఆమె మైకుని రెండు చేతులా పట్టుకుంది.

"అది ఎరుక కాదు, మరక. టేబుల్ మీద రంగునీళ్లు ఒలికితే కాగితం వెనక అంటుకున్నాయి. నేనేసిన బొమ్మ అటుంది. తాత చూడట్లేదు."

మైకు పుణ్యమా అని ఇది తాతగారికి కూడా వినబడింది. చేసేదిలేక ఫ్రేము విప్పించారు. అటువైపు తాతగారు! బట్టతల, కళ్లజోడు, ముఖం ఈ కొస నుంచి ఆ కొస దాకా నోరు.

తాతగారు మురిసిపోయి మైకు దగ్గరే అడిగారు. "చెవులు మర్చిపోయావేం, బంగారూ?"

"మర్చిపోలేదు తాతా."

విశేషణాలాయన ముందుగా తేరుకున్నాడు.

"చెవులు లేవు! అంటే లోకపు రొద వదిలి లోలోపలికి ప్రయాణించిన యోగి! ఎంత ఎరుక!"

చప్పట్లు. అందరికన్నా గట్టిగా తాతగారివే.

పాప నిట్టూర్చి, కుర్చీ దిగి, కొత్త కాగితం మీద ఆ చప్పట్లు కొడుతున్న వాళ్లందరినీ గీయడం మొదలుపెట్టింది. అంతమందినీ గీయడం ఇట్టే అయిపోయింది. చెవుల పని లేదు కదా.