ముసుగుల ఆర్డరు

రోగి పేరు మూడో చెవిన పడకుండా మందు అందించడమే తన జీవితాశయమని ఆరోగ్యశాఖ మంత్రిగారు మైకులో ఊరంతా వినబడేలా ప్రకటించారు. పథకం పేరు 'గోప్య సంజీవని'. హెచ్ఐవి ఉన్నవాళ్లకు మందులు ఉచితం, రహస్యం, గౌరవప్రదం. రహస్యానికి భంగం కలగకూడదని ఆస్పత్రిలో ఏళ్లుగా నడుస్తున్న పాత మందుల కౌంటరును ఆ సాయంత్రమే మూయించారు. కొత్త కౌంటరు ఎక్కడో రోగులకు కూడా చెప్పలేదు. ఇంత పకడ్బందీ ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ చూపించలేదు.

ఆ రోగుల్లో కుట్టు అక్క ఒకతె. బజారు మూలన ఒంటిగది కొట్టు, ఒక మిషను. జాకెట్టు కుట్టడంలో ఆమెకు సాటి లేరని పేరు. జబ్బు సంగతి బజారుకు తెలిసిందా, ఆమె కుట్టింది ఎవరూ ఒంటికి తగలనివ్వరు. అందుకే నోటికి తాళం వేసుకుని, రోజుకో మాత్ర మింగుతూ నిక్షేపంగా ఉంది. ఇప్పుడు డబ్బా ఊపితే అడుగున రెండో మూడో చప్పుడు చేస్తున్నాయి.

అలాంటి సమయంలో పథకం డైరెక్టరుగారు ఆమె కొట్టుకే వచ్చారు.

"ముసుగులు కుట్టాలమ్మా. తల మొత్తం కప్పాలి, కళ్లకు కన్నాలుండాలి. ప్రారంభోత్సవంలో లబ్ధిదారులు వేసుకుంటారు."

"ముక్కుకు అక్కర్లేదా సార్?"

"ఊపిరి పీల్చుకోవడం వాళ్ల వ్యక్తిగత విషయం. ప్రభుత్వం జోక్యం చేసుకోదు."

అక్క టేపు సర్దుకుంటూ, "మందులొచ్చాయా సార్?" అంది.

"గోడౌను నిండా ఉన్నాయి."

"ఉంటే ఇచ్చెయ్యొచ్చు కదండీ, పాపం."

"మంత్రిగారి చెయ్యి పడందే అవి మందులు కావమ్మా, సరుకు."

"మధ్యలో ఆపితే తర్వాత ఆ మందు పనిచెయ్యదంటారు..."

"నీకెందుకమ్మా ఆ గొడవ?"

అక్క గబుక్కున మిషను ముందు కూర్చుంది. "ఎవరో అనుకుంటుంటే విన్నాన్లెండి" అని మిషను తొక్కింది. భయం ఎంత వేసిందో కోపమూ అంతే వచ్చింది. రెండూ ముసుగుల్లో పెట్టి కుట్టేసింది.

ప్రారంభోత్సవానికి రోగులు రానే వచ్చారు. పాత కౌంటరు వరసలో నెలనెలా చూసుకునే ముఖాలే. వేదికెక్కాలంటే ముసుగు ఉండాలి. ముసుగు కావాలంటే అందరి ముందూ పేరూ వీధీ చెప్పి ఫొటో దిగాలి. ముసుగులు దుర్వినియోగం కాకూడదు కదా! ఒక్కరూ గోడవారనుంచి కదల్లేదు.

డైరెక్టరుగారు సమర్థులు. వెంటనే పార్టీ కార్యకర్తలకు ముసుగులు తొడిగించారు. మంత్రిగారు ఒక్కొక్కరినీ కావలించుకుని, కళ్లు తుడుచుకుని, మందుల డబ్బా చేతిలో పెట్టారు.

"దిగులు పడకు తమ్ముడూ!"

"నేనండీ, మీ యువజన కార్యదర్శిని."

"ష్! రహస్యం."

వేదిక వెనక్కి వెళ్లగానే కార్యకర్తలు ముసుగులు పీకి, నిప్పు కణికల్లా డబ్బాలు విసిరేశారు.

"ముట్టుకుంటే అంటుకుంటుందేమోరా!"

"నేను జేబురుమాలుతో పట్టుకున్నాలే."

కుట్టు అక్క ముసుగులు పోగుచేసుకోవడానికి వచ్చేసరికి మందుల డబ్బాలు గుట్టగా పడి ఉన్నాయి. వాటికి ఆమడ దూరంలో డైరెక్టరుగారు నిలబడ్డారు.

"ఇవి కూడా ఎటైనా పట్టుకుపోమ్మా. లెక్క ప్రకారం అందరికీ అందేశాయి. ఇంకా ఇక్కడ కనబడితే బాగుండదు."

"ఎక్కడ పెట్టమంటారు సార్?"

"నాకు మాత్రం చెప్పకు!"

అక్క అన్నీ సంచిలో కుక్కుకుంది. ప్రాణం లేచొచ్చినట్టయింది. గోడవారన నిలబడ్డవాళ్ల ముందు ఆగి, సంచి మూతి కాస్త తెరిచింది.

"కొలతలిస్తామని ఇంకా రాలేదేంటండీ? బజారు మూల కొట్టు. అందరూ ఒకేసారి రాకండి."

పథకం నూటికి నూరుపాళ్లూ విజయవంతమైందని, కొత్త కౌంటరు దగ్గర ఇంతవరకూ ఒక్క రోగి కూడా ఎవరి కంటా పడలేదని మంత్రిగారు శాసనసభలో ప్రకటించారు. సభ్యులు బల్లలు చరిచారు.

ఆ వారం కుట్టు అక్క కొట్టుకు ఎన్నడూ లేనంత గిరాకీ వచ్చింది. పక్క కొట్టాయన కుళ్లుకున్నాడు. వచ్చినవాళ్లలో ఒక్కరూ గుడ్డ తేలేదు.