మైలున్నర దూరానికి రెండు రోజుల నడక

ఫ్యాక్షన్‌ను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలి. పాపం, వాళ్లకు కాళ్ల విలువ తెలియదు!

ఈనాటి కుర్రకారు బూట్లు కొనుక్కుని, వీపుకు బ్యాగు తగిలించుకుని, ట్రెక్కింగ్ అంటూ ఫీజు కట్టి మరీ గుట్టలెక్కుతున్నారు. మా కాలంలో ఆ సౌకర్యం మా నాయకులు ఉచితంగా కల్పించారు. ఇంత ఆరోగ్య సేవ ఏ ప్రభుత్వం చేసింది, చెప్పండి?

మాది జమ్మలమడుగు పక్క పల్లె. మా చెల్లెలు దేవకుమారిని ఇచ్చిన ఊరు మైలున్నర దూరం. రెండు ఊళ్లదీ ఒకే పార్టీ. నడిమి ఊరు ఎదుటి పార్టీది. అందులో అడుగు పెడితే మళ్లీ ఎత్తేది మనం కాదు, నలుగురు. బస్సూ ఆ ఊరి మీదుగానే పోతుంది. కాబట్టి ముద్దనూరు మీదుగా, వేముల పొలిమేర తాకి, చుట్టూ తిరిగి రావాలి. రెండు రోజులు!

మా ఊరి ప్రేమానందం చేతికర్రతో బయలుదేరి, తిరిగొచ్చేటప్పుడు ఆ కర్రను చంకనెత్తుకుని వచ్చాడు. ఆయనకన్నా కర్రే ఎక్కువ అలిసిపోయింది.

ఒకసారి, ఏడో నెలలో ఉన్న చెల్లెలు, అమ్మ చేతి రాగి సంగటి తినాలనుందని కబురు పంపింది. మా అమ్మ రాములమ్మ ఆరు ముద్దలు చేసి తుండుగుడ్డలో మూటకట్టింది.

"దోవలో నువ్వు తిన్యావంటే చూడు. ఆ పిల్ల నోట్లో పడాల," అంది.

తుండుగుడ్డలోని సంగటి ముద్ద దూరానికి ఎట్లా కనిపిస్తుంది? మా జిల్లా పాఠకులు ఈపాటికి నేల మీద బోర్లా పడుకుని ఉంటారు. అచ్చం నాటుబాంబే!

మొదటిరోజు రెండు ఊళ్లలో ఆపారు. మా పార్టీవాళ్లే, కానీ నా ముఖం ఎరగరు.

"ఏందప్పా మూటలో?"

"సంగటి."

"అట్లయితే తిను."

కొరికితే చాలదట, లోపల ఏముందో తెలియదు కదా. ఊరికొక ముద్ద పూర్తిగా మింగాను. ఆ రాత్రి ముద్దనూరు స్టేషన్ బెంచీ మీద పడుకున్నాను.

అసలు నడక రెండో రోజుది. కోడి కూయకముందే లేచి శనగ చేలు, నాపరాళ్ల గనులు, గుట్టలు, మళ్లీ శనగ చేలు. మధ్యాహ్నానికి చెప్పుల అడుగులు అరిగిపోయి వార్లే మిగిలాయి. వార్ల మీదే నడిచాను. దారిలో మూడు ఊళ్లు, మూడు ముద్దలు. బతిమాలి తినిపించే ట్రెక్కింగ్ కంపెనీ ఎక్కడైనా ఉందా?

పొద్దు వాలేసరికి చెల్లెలి ఊరి పొలిమేర చేరాను. మిగిలింది ఒక్క ముద్ద. రెండు రోజుల ఎండకు ఇనుపగుండులా బిగిసింది. అక్కడ కాపలా ఆదినారాయణ, ఏడుగురు మనుషులు.

"తిను," అన్నాడు ఆదినారాయణ.

"ఇది తిన్ను. ఇది మా చెల్లెలిది."

"తినకుంటే బాంబే."

"ఐదు తిన్న్యా గదప్పా. నన్ను చూస్తే పేలేటట్టు ఉండానా?"

ఆయన నా పొట్ట వైపు చూశాడు. "ఉండావు."

ఎవరు చెప్పారో ఏమో, చెల్లెలు నడుం పట్టుకుని అక్కడికే వచ్చింది. ముద్ద నా చేతిలోంచి లాక్కుంది. జారి బండ మీద ఠంగుమని పడింది. ఎనిమిది మందీ బోర్లా పడ్డారు.

"వంగలేను న్నా, తీసియ్యి," అంది చెల్లెలు. "వీళ్లు లేసేలోపల తినేస్తా."

నీళ్లలో నానబెట్టుకుని ఆ బండ మీదే కూర్చుని తినింది. "అమ్మ ఈసారి ఉప్పు ఎక్కువేసింది న్నా."

రెండు రోజులు నా చంకలో ఉందని చెప్పలేదు.

ఇంత మేలు చేసిన ఫ్యాక్షన్ ఇప్పుడు లేదు. మొన్న మా పార్టీ నాయకుడూ ఎదుటి పార్టీ నాయకుడూ ఒకే పార్టీలో చేరి, ప్రొద్దుటూరులో కల్యాణమండపం తీసుకుని విందు పెట్టారు. ఒకే కారులో వచ్చారు, నడిమి ఊరి మీదుగానే. వేడి సంగటి, నాటుకోడి పులుసు. ఒకరి నోట్లో ఒకరు ముద్ద పెట్టుకున్నారు. 'ముందు నువ్వు తిని చూపించు' అని ఒక్కడైనా అడగలేదు.

నేను మాత్రం నా ఆకులో ముద్దను అలవాటుగా కొరికి, పైకెత్తి అందరికీ చూపించాను.

ఎవరూ చూడలేదు.