తిరిగొచ్చిన క్యారియరు

1961 డిసెంబరులో ఒక గురువారం ఉదయం, బెంగళూరు చామరాజపేటలోని అద్దె గదిలో వెంకటరామప్ప అద్దం ముందు నిలబడి ఆ రోజు కార్యక్రమం గురించి దీర్ఘంగా ఆలోచించాడు. తొమ్మిదిన్నరకు గాంధీబజారులో మసాలా దోసె. అక్కడినుండి కబ్బన్ పార్కులో కాసేపు నడక. మధ్యాహ్నం సౌత్ పరేడుకు పోయి ఇంగ్లీషు పిక్చరు మ్యాట్నీ. సాయంత్రం స్నేహితులతో కూర్చుని, ఆ పిక్చరులో ఎవరికీ అర్థం కాని సంగతుల మీద చర్చ. మహానగరంలో విద్యార్థి జీవితం మళ్లీ రాదనీ, అందులో ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదనీ అతని సిద్ధాంతం. కాలేజీకి పోవడాన్ని అతను వృథా కింద జమకట్టాడు.

వెంకటరామప్ప బి.ఎ. రెండో సంవత్సరం విద్యార్థి. కాలేజీలోకి అతను ఒక్కసారే పోయాడు, చేరిన రోజున. మర్నాడు నిద్ర లేవలేక, హోసూరు హైస్కూల్లో తనతో చదువుకున్న మాదప్పను పంపి, "నా పేరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అని ఒక మాట చెప్పేసిరా" అన్నాడు. మాదప్పది అంచెట్టి పక్క అడవిపల్లె. పి.యు.సి. దాకా ఎట్లాగో లాక్కొచ్చి, ఆ పైన చదివించేవాళ్లు లేక, సాయంత్రాలు ఒక ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే పనిలో ఉన్నాడు. చదువంటే ప్రాణం. క్లాసు లోపల కూర్చోవచ్చంటే అతనికి అంతకన్నా ఏం కావాలి! లెక్చరర్లు ఆ ముఖాన్ని వెంకటరామప్ప అని గుర్తుపెట్టుకున్నారు. ఇక ఆ తర్వాత అసలు ముఖాన్ని పంపితే గొడవ కదా అని, వెంకటరామప్ప బాగా ఆలోచించి, చదువు మొత్తం మాదప్పకు అప్పగించాడు.

అందుకు ప్రతిఫలం సంగటి. వెంకటరామప్పది కృష్ణగిరి రోడ్డు మీద, హోసూరికి రెండు మైళ్ల అవతల చెన్నేపల్లి. తల్లి చిక్కమ్మ తెల్లవారకముందే లేచి రాగి సంగటి గెలికి, రెండు ముద్దలు, పితికిపప్పు పులుసు, ఊరిబిండి పచ్చడి క్యారియరులో సర్ది, బెంగళూరు పోయే బస్సులో కండక్టరు ముత్తప్ప చేతికి ఇచ్చేది. కలాసిపాళ్యం బస్టాండులో మాదప్ప దాన్ని అందుకుని, కడిగిన పాత క్యారియరు తిరిగి ఇచ్చేవాడు. ఏడాదిన్నరలో ఒక్క మెతుకు మిగిలి వచ్చింది లేదు. కొడుకు ఆకలి చూసి పొంగిపోయి చిక్కమ్మ ముద్దల సైజు పెంచుతూ వచ్చింది. మాదప్పకు రోజంతటికీ అదే భోజనం.

ఆ గురువారం మాత్రం మాదప్పకు పొద్దున తొమ్మిదికే పరీక్ష, పదకొండున్నరకు ఇంకొకటి.

"ఈ ఒక్క దినం నువ్వే పోయి క్యారియరు తీసుకోప్పా" అన్నాడు మాదప్ప, గది గడపలో నిలబడి. "పదకొండుకు నేను గేటు కాడికి వస్తాను. ఇచ్చేసి పో. రాత్రి కూడా ఏమీ తినలే."

"అట్లనే లేరా, నువ్వు పో" అన్నాడు వెంకటరామప్ప, రెండో విడత పౌడరు అద్దుకుంటూ.

మాట ప్రకారం కలాసిపాళ్యం పోయాడు కూడా. కొత్త టెరిలీన్ చొక్కా, కాళ్లకు అతుక్కున్న గొట్టం ప్యాంటు, నల్ల కళ్లద్దాలు. బస్సు ఆగేసరికి పక్కన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నిలబడి ఉన్నారు. ముత్తప్ప అవతలి వీధికి వినబడేలా అరిచాడు.

"ఏం రామప్పా! నువ్వే వచ్చినావా? ఇదో నీ సంగటి!"

అమ్మాయిలు ఇటు తిరిగారు. వెంకటరామప్ప కరెంటు స్తంభానికి భుజం ఆనించి, ఒక కాలు మడిచి, పిక్చర్లలో చూసిన భంగిమలో నిలబడ్డాడు.

"ఈ దినం నాకొద్దు ముత్తప్పా. ఎనక్కి తీసుకుపో."

"ఏమప్పా, ఒళ్లు బాగలేదా?"

"ఏమో, తినబుద్ధి కావడం లే" అని నీరసంగా, నాజూగ్గా పలికి, అమ్మాయిల వంక చూశాడు. వాళ్లు అప్పటికే జట్కా ఎక్కుతున్నారు. మాదప్ప గుర్తుకు రాకపోలేదు. చదువుకునేవాడు ఒకపూట తినకపోతే బుర్ర చురుగ్గా పనిచేస్తుందని సర్దుకుని దోసెకు పోయాడు.

ముత్తప్ప చెడ్డవాడు కాడు. చూసింది చూసినట్టు చెప్పే మనిషి. అత్తిబెలెలో టీ తాగేటప్పుడు డ్రైవరుతో, "చెన్నేపల్లి వీరప్ప కొడుకు సంగటి వద్దన్నాడప్పా" అని మాత్రమే అన్నాడు. రాగి పండే సీమలో పుట్టినవాడు సంగటి వద్దంటే ఏమిటో ఆ బస్సులో అందరికీ తెలుసు. ప్రశ్నలు మొదలయ్యాయి.

"మొకం ఎట్లుండె?"

"తెల్లగా ఉండె. సున్నం కొట్టినట్ల."

"నెత్తుర్లేదు పాపం! కండ్లు?"

"కండ్లు యాడ కనపడె? నల్లద్దాలు పెట్టుకోనుండాడు."

"కండ్లకూ వచ్చేసిందా! కాళ్లు?"

ముత్తప్ప ప్యాంటును గుర్తుకు తెచ్చుకున్నాడు. "సన్నబడిపోయినాయి. నా చేతులంత ఉండాయి. నిలబడ్డానికి చేతకాక స్తంభం పట్టుకోనుండాడు."

హోసూరులో చిక్కమ్మ తమ్ముడు పిల్లప్ప బస్సెక్కాడు. ఊళ్లో పశువులకు మందులిచ్చే పిల్లప్పకు జబ్బు పేరు వినకుండానే మందు తోస్తుంది. చెన్నేపల్లిలో దిగేసరికి మేనల్లుడికి రెండు రోజుల ఆయుష్షు మిగిల్చాడు.

చిక్కమ్మ క్యారియరు మూత తీసింది. ముద్దలు ముద్దలుగానే ఉన్నాయి. ఆమె అక్కడే కూలబడింది.

"నా బిడ్డ మెతుకు ముట్టలేదు తమ్ముడా! ఊరుగాని ఊర్లో ఎట్ల పడుండాడో!"

మామిడితోపు నుండి వచ్చిన తండ్రి వీరప్ప అంతా విని తలపాగా బిగించాడు. "నేను అప్పుడే చెప్పినాను, ఆ చదువు మన ఒంటికి పడదని. పదండి, ఈ దినమే పిల్చుకొస్తాం. తోపు ఉంది, చేను ఉంది. బి.ఎ. లేకుంటే చెట్లు కాయకపోతాయా?"

పన్నెండు గంటల బస్సులో ముగ్గురూ ఎక్కారు. చిక్కమ్మ చేతిలో అదే క్యారియరు. వీరప్ప చంకలో దిష్టి తీయడానికి నల్లకోడి. పిల్లప్ప చేతిలో కషాయం సీసా, ఎద్దులకు మందు పోసే వెదురు గొట్టం. కోడికి టికెట్టు కొట్టాలా వద్దా అని ముత్తప్ప అడగలేదు. సందర్భం అట్లాంటిది.

చామరాజపేట గదికి తాళం వేసి ఉంది. ఇంటి యజమానురాలు వీళ్లను చూసి సంతోషించింది. "మీ అబ్బాయి బంగారమమ్మా. ఒంట్లో ఎట్లున్నా కాలేజీ మానడు. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకే రావడం." జబ్బుతో కూడా చదువు వదలని కొడుకును తలుచుకుని చిక్కమ్మ ఇంకా ఏడ్చింది. కాలేజీకి బయల్దేరారు.

గేటులో అటెండరు కోడిని చూసి ఆపాడు.

"ఎవరు కావాలప్పా?"

"వెంకటరామప్ప అని, హోసూరు పక్క పిల్లోడు" అన్నాడు వీరప్ప.

అటెండరు ముఖం మారిపోయింది. "మీరు వాళ్లోళ్లా? రండి, రండి. మద్దినం పరీక్ష రాస్తా రాస్తా దబ్బుమని పడిపోయినాడు. నరసింహప్ప సార్ గదిలో పండబెట్టినారు."

ఇక అనుమానానికి చోటు ఎక్కడుంది? చిక్కమ్మ పరుగు అందుకుంది. పదకొండు గంటలకు గేటు దగ్గర నిలబడి నిలబడి, ఖాళీ కడుపుతో రెండో పరీక్షకు కూర్చున్న మాదప్ప, మొదటి ప్రశ్నకు మూడు పేజీల జవాబు రాసి పడిపోయాడు. ఇప్పుడు తర్కశాస్త్రం లెక్చరర్ నరసింహప్ప గదిలో బెంచీ మీద, ముఖాన తడిగుడ్డతో పడి ఉన్నాడు. పిల్లప్ప వైద్యంలో ముఖం చూసే పద్ధతి లేదు. గుడ్డ కింద నోరు ఎక్కడుందో తడిమి, గొట్టం పెట్టి, ఎద్దుకు పోసేంత కషాయం పోసేశాడు.

మాదప్ప లేచి కూర్చున్నాడు. ఆ కషాయానికి ఎవరైనా లేస్తారు. గుడ్డ జారి కింద పడింది.

"నువ్వెవరప్పా?" అంది చిక్కమ్మ.

నరసింహప్పకు ఒళ్లు మండింది. కోలారు మనిషి కావడంతో తెలుగులోనే దులిపేశాడు. "చూడండమ్మా, కన్నతల్లే కొడుకును గుర్తుపట్టలేనంతగా చిక్కిపోయాడు! క్లాసులో మొదటివాడు. వాడికి తిండి పంపరా మీరు? రాయి కూడా కరుగుతుంది కదమ్మా వీణ్ణి చూస్తే!"

"తిండి పంపలేదా?" చిక్కమ్మ దుఃఖం కోపంగా మారింది. "దినమూ రెండు ముద్దలు బస్సెక్కిస్తాను సామీ! చూడండి!" అని క్యారియరు మూత తీసింది.

పితికిపప్పు వాసన గది నిండా పాకింది. మాదప్ప కళ్లు క్యారియరు మీదికి పోయాయి, ఇక తిరిగి రాలేదు. "తింటావా?" అని ఆమె అడగడం పూర్తి కాకముందే ముద్ద తుంచాడు. పులుసులో అద్ది, నమలకుండా మింగి, గిన్నె అడుగు వేలితో తుడిచి తిన్నాడు. చిక్కమ్మ చూస్తూ ఉండిపోయింది. ఏడాదిన్నరగా తన క్యారియరును అంత శుభ్రంగా ఖాళీ చేసిన చెయ్యి ఏదో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. కోపం రావాలి, రాలేదు. ఆ పిల్లవాడి మెడ ఎముకలు చూసి, రెండో ముద్ద కూడా అతని ముందుకు జరిపింది.

సరిగ్గా అప్పుడు, మ్యాట్నీకి టికెట్లు దొరకక గదికి తిరిగొచ్చి, అమ్మానాన్నలు కోడితో సహా కాలేజీకి పోయారని విన్న వెంకటరామప్ప ఉరుక్కుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. అటెండరు చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు.

"సార్, ఎవరో బయటోడు. తానే వెంకటరామప్ప అంటాడు."

నరసింహప్ప కళ్లజోడు సవరించుకున్నాడు. "అట్లనా? ఏ క్లాసు?"

"బి.ఎ. రెండో సంవత్సరం సార్."

"మీకు తర్కం ఎవరు చెప్తారు?"

వెంకటరామప్ప పైకి చూశాడు, కిందికి చూశాడు. "ఒక ముసలాయన సార్. పాఠం ఏమీ బాగుండదని చెప్పినారు."

కోడి ఒక్కటే ఏదో అంది.

"ఒక పేరు, ఇద్దరు మనుషులు" అన్నాడు నరసింహప్ప, ఎర్రబడ్డ ముఖంతో. "ఇద్దరిలో ఒకడు దొంగ. దొంగ వీడైతే పోలీసులకు అప్పగిస్తాను. ఇన్నాళ్లూ నా క్లాసులో కూర్చున్నవాడే దొంగయితే ఇద్దరి పేర్లూ ప్రిన్సిపాలుకు ఇస్తాను. ఇక ఏ కాలేజీ గడపా తొక్కరు. పెద్దాయనా, మీరే చెప్పండి. మీ కొడుకెవరు?"

మాదప్ప చేతిలో ముద్ద ఆగిపోయింది. వీరప్ప వైపు చూశాడు.

వీరప్ప తొందరపడలేదు. మామిడి అంట్లు ఏరే మనిషి. ఏది వేళ్లూనుతుందో, ఏది ఆకులు మాత్రమే వేస్తుందో చూడటం అతనికి అలవాటు. కొడుకు పౌడరు చూశాడు, కళ్లద్దాలు చూశాడు, ప్యాంటు దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత బెంచీ మీదున్నవాణ్ణి చూశాడు. వాడి వేళ్లకు ఒకపక్క సిరా, ఒకపక్క సంగటి. చిక్కమ్మ భర్త చెవిలో మెల్లగా అంది, "ఈ బిడ్డ ఇన్నాళ్లూ నా చేతి కూడు తిన్నాడు. నోటికాడి చదువు తీసేయొద్దు."

వీరప్ప చెయ్యెత్తి మాదప్పను చూపించాడు.

"వీడే సామీ నా కొడుకు. వెంకటరామప్ప."

"నాయనా!" అని వెంకటరామప్ప కేక పెట్టాడు.

"మరి ఈయనెవరు?"

"మా తోపులో పని చేసే పిల్లోడు సామీ. పట్నం చూస్తానని వచ్చి ఈడే తిరుగుతుండాడు. కొంచెం బుర్ర తేడా, మా కొడుకు పేరు చెప్పుకుంటా ఉంటాడు. పోలీసులు ఎందుకు, ఈ దినమే పిల్చుకుపోతాను."

వెంకటరామప్ప మళ్లీ నోరు తెరిచాడు. పిల్లప్ప సీసాలో మిగిలిన కషాయం చూసి, గొట్టం సరిచేసుకున్నాడు. వెంకటరామప్ప నోరు మూసుకున్నాడు. తన పేరు తనదని రుజువు చేస్తే ఏం జరుగుతుందో, తర్కశాస్త్రం చదవకపోయినా, అతనికి అర్థమయింది.

"నేననుకుంటూనే ఉన్నాను" అన్నాడు నరసింహప్ప తృప్తిగా. "కన్నతండ్రి మాటకు మించిన ప్రమాణం లేదు."

పోతూ పోతూ వీరప్ప మాదప్ప భుజం తట్టి, నరసింహప్పకు వినబడకుండా అన్నాడు. "పేరు మాది, బుర్ర నీది. బాగా చదువప్పా. రేపటినుంచి ముద్దలు మూడు." మాదప్ప తలవంచుకుని కన్నీళ్లు తుడుచుకున్నాడు. చిక్కమ్మ అతని నెత్తి చుట్టూ నల్లకోడితో మూడుసార్లు దిష్టి తీసింది. తెచ్చినందుకు ఎవరికో ఒకరికి తీయాలి కదా.

సాయంత్రం బస్సులో ఆ కోడిని వెంకటరామప్ప ఒళ్లో పెట్టుకుని ఊరు చేరాడు. ఒంట్లో బాగాలేక ఇంటిపట్టునే ఉండి చదువుకుంటున్నాడని వీరప్ప ఊళ్లో చెప్పాడు. ఆ చదువు తెల్లవారుజామున తోపులో మొదలై పొద్దు గూకేదాకా సాగేది. ప్యాంటు కుట్లు మొదటి వారంలోనే విడిపోయాయి. కాళ్లు మళ్లీ మామూలు లావుకు వచ్చాయని ముత్తప్ప బస్సులో అందరికీ చెప్పి సంతోషించాడు.

1963లో బి.ఎ. ఫలితాలు పేపర్లో పడ్డాయి. చెన్నేపల్లి వెంకటరామప్ప ఫస్టు క్లాసు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో అదే మొదటి డిగ్రీ. ఊరిపెద్దలు మేళంతో సహా మామిడితోపుకు వెళ్లేసరికి అతను కొత్త మొక్కలకు గోతులు తవ్వుతున్నాడు. గడ్డపార పక్కన పెట్టి, చేతుల మట్టి దులుపుకుని, పూలదండకు మెడ వంచాడు. ఆ డిగ్రీ కోసం అతను స్వయంగా చేసిన పని అదొక్కటే.