సర్వర్‌లోంచి పీకిన కార్డు

ఆ ఉదయం మెదెర్ పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండింటికి కరకోల్ ఊరంతా కరెంటు తీస్తారు కనుక, బస్సు టికెట్ల సర్వర్‌ను పద్ధతిగా ఆపి, కరెంటొచ్చాక మళ్లీ లేపడం. కిందటిసారి అది లేవక టికెట్లు ఆగిపోతే, "ఇంకోసారి ఇలా అయిందా, మీ ఊరెళ్లి గొర్రెలు కాచుకో!" అని యజమాని ఎసెన్‌కుల్ అందరి ముందూ కడిగేశాడు.

సర్వర్ వెనక చెయ్యి పెట్టగానే మెదెర్ వంగి మళ్లీ తడిమి చూశాడు. అది లేవడానికి కావలసిన సరంజామా అంతా ఉండే గోరంత మెమరీ కార్డు మాయం! సర్వర్ మాత్రం ఏమీ ఎరగనట్టు నడుస్తూనే ఉంది. ఒకసారి లేచాక దానికి కార్డుతో పనిలేదు. పడుకుంటే మాత్రం కార్డు లేనిదే లేవదు.

తాను 'ఎజే', అంటే అక్కా అని పిలిచే అకౌంటెంట్ బూరుల్‌కు ఫోన్ చేశాడు. "ఎజే, సర్వర్ కార్డు చూశావా?"

"నేనే పీకాను తమ్ముడూ! ఇవాళ మన యజమాని బైకే మనవడు తొలి అడుగులు వేసేలా కాళ్ల దారం కోసే వేడుక కదా, కెమెరాలో కార్డు నిండిపోయింది. పీకినా ఏమీ ఆగలేదు, ఊరికే పడుందనుకున్నా."

"కొంప ముంచావు ఎజే!"

మెదెర్ విందు హాలుకు పరుగెత్తాడు. అప్పటికే పిల్లలు పందెం పరుగెత్తడం, గెలిచినవాడు మనవడి కాళ్లకు కట్టిన నలుపు తెలుపు దారం కోయడం, వాడు తప్పటడుగులు వేయడం అయిపోయాయి. కార్డులో ఉన్నదంతా చెరిపేసి మరీ ఆ అడుగుల వీడియో దాంట్లోకి ఎక్కించారు.

మెదెర్ ఎసెన్‌కుల్‌ను పట్టుకుని, పెద్దన్నను పిలిచినట్టు బతిమాలాడు. "బైకే, ఆ కార్డు ఇప్పించండి! సర్వర్ నడుస్తుండగానే దాన్నుంచి అంతా మళ్లీ ఎక్కిస్తాను. కాకపోతే వీడియో చెరపాలి."

"నా మనవడి తొలి అడుగులు చెరుపుతావా?"

"బాబు మళ్లీ నడుస్తాడు కదండీ!"

"మళ్లీ నడుస్తాడు. మళ్లీ మొదటిసారి నడుస్తాడట్రా?"

"పోనీ, ముందు వీడియో సర్వర్‌లో దాస్తాను."

"ఏది, ఇంకాసేపట్లో చచ్చేదాంట్లోనా?"

ఆడవాళ్లంతా మెదెర్‌ను పాపాత్ముడిలా చూశారు. గడియారం చూస్తే వేరే కార్డు కొనితెచ్చే వ్యవధి కూడా లేదు, వాడికి ఏడుపొచ్చింది. అప్పుడు పెద్దపీట మీద కూర్చున్న కరెంటాఫీసు అధికారి సాగిన్ మాంసం నములుతూనే ఫోన్ తీశాడు. "తీసేది నేనేగా! రేపు తీద్దాంలే."

మెదెర్‌కు ప్రాణం లేచొచ్చింది. రేపటిలోగా ఎలాగైనా ఇంకో కార్డు తెచ్చి ఎక్కించేస్తాడు. గొర్రెల బెడద తప్పింది. హాయిగా నూనెలో వేయించిన పిండి ముక్క, బోర్సోక్ ఒకటి నోట్లో వేసుకున్నాడు.

"ఒక్క కార్డుకే ఇంత గోలా?" అంది బూరుల్ చేతిసంచి తెరుస్తూ. "మన ఆఫీసులో ఉన్న మిగతా ఊళ్ల టికెట్లవి, జీతాలవి, అన్ని సర్వర్లవీ పీకే తెచ్చాను. ఒకదాంట్లో పిల్లల పందెం, ఒకదాంట్లో అమ్మమ్మ పాట, మిగతా వాటిలో డాన్సులు. ఏదీ చెరపడానికి వీల్లేదు, ముందే చెప్తున్నా!"

మెదెర్ నోట్లో బోర్సోక్ అలాగే ఉండిపోయింది. ఎసెన్‌కుల్ ముఖం పాలిపోయింది. లేచి, అందరికన్నా గొప్ప అతిథికే దక్కే, పళ్లెంలోని పొట్టేలు తలను రెండు చేతులతో సాగిన్ ముందు పెట్టాడు.

ఆ ఏడాది కరకోల్‌లో ఒక్కరోజు కూడా కరెంటు పోలేదు.