మూడు పట్టణాల హనీమూన్

శనివారం పొద్దున్నే కావలి వెళ్ళి టికెట్ల సంగతి తేల్చుకు రావాలని సుశీల్ కుమార్ గట్టిగా అనుకున్నాడు. అంతకుముందు శనివారం కూడా గట్టిగానే అనుకున్నాడు. కానీ రాత్రి ఫోన్ వీడియోలో ఎవడో సింగపూర్ ముందు చూడాలంటాడు, తెల్లారేసరికి ఇంకెవడో బాలితో మొదలుపెట్టకపోతే డబ్బు దండగంటాడు. సింగపూర్, కౌలాలంపూర్, బాలి అనే మూడు పేర్లను అటు మార్చి ఇటు మార్చి అతను వేసిన ప్లాన్లకు అంతులేదు. ఇంతా చేసి అతను విమానాశ్రయం గుమ్మం తొక్కినవాడు కాదు. రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం, చెరువు గట్ల మీద తిరుగుడు, మోటారు సైకిలు మీద జువ్వలదిన్నె దాకా పోయి రావడం, ఇదే అతని దేశాటన.

భార్య షారన్ కావలిలో నర్సు. ఆమెకు ఊళ్ళ వరసతో పనిలేదు.

"ఏ ఊరైనా ఒకటేనండీ. గదికి తలుపుండాల, తలుపుకు గడియుండాల. నాకు కావాల్సింది అంతే" అంది.

ఆమె బాధ ఆమెది. బోగోలులోని అత్తవారింట కొత్త దంపతులకు ఇచ్చిన గదికి తలుపూ ఉంది, గడియా ఉంది, వేసుకునే యోగమే లేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫ్రిజ్జూ ఆ గదిలోనే ఉంది. మామగారు జయకుమార్ చన్నీళ్ళకు వస్తాడు. అత్తగారు మగ్దలీనమ్మ పెరుగుకు వస్తుంది. సుశీల్ నాయనమ్మ ఎలిశబెతు ఇన్సులిన్ కోసం వచ్చి, వచ్చిన పని మరిచిపోయి, మంచం మీద బాసింపట్టు వేసుకుని తన పెళ్ళినాటి కబుర్లు మొదలుపెడుతుంది. పెళ్ళయి రెండు నెలలైనా భార్యాభర్తలు ఒక్క మాట మొదలుపెట్టి ముగించింది లేదు. ఈ ప్రయాణం కూడా తప్పిపోతే తాను కాపురం చేస్తున్నది ఫ్రిజ్జుతోనే అనుకోవాలని షారన్ తేల్చేసుకుంది.

ఆ శనివారం ఇడ్లీలు తింటూ సుశీల్ తల్లి చెవిన సంగతి వేశాడు. మగ్దలీనమ్మ కాదనలేదు.

"పోయిరండి నాయనా. కానీ సంఘంలో ప్రార్థన చేయించకుండా ఊరు దాటేది లేదు. మీ నాయన్ని నెల్లూరు ఆసుపత్రికి తీసకపోయినప్పుడు కూడా చెప్పే పోతిమి గదా."

"ఇది ఆసుపత్రి కాదు గదమ్మా."

"విమానం గదా? దానికి ఇంకా చెప్పాల."

వాళ్ళ చర్చిలో ఆదివారం ప్రసంగానికి ముందు ఎవరి అక్కర వాళ్ళు లేచి చెప్పుకోవడం అలవాటు. ఒకరి గేదె ఈనాలి, ఒకరి కూతురు పరీక్ష గట్టెక్కాలి, ఒకరి మోకాలి నొప్పి తగ్గాలి. మర్నాడు మగ్దలీనమ్మ వంతు వచ్చింది. స్త్రీల సమాజానికి కార్యదర్శి కాబట్టి ఆమె లేస్తే అందరూ వింటారు.

"అయ్యగారూ, మా పిల్లలు..." అని ఆగిపోయింది. హనీమూన్ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా పాస్టర్ జడ్సన్ గారు, కుడివైపు మగవాళ్ళ బెంచీలు, ముందు చాపల మీద సండే స్కూలు పిల్లలు. ఆమె ఆ మాటను గుటుక్కున మింగేసింది. "మా పిల్లలు దేశం దాటి పోతా ఉండారు. మూడు పట్టణాలు చూసి రావాలని ఆశ. క్షేమంగా పోయి రావాలని ప్రార్థన చేయండి."

ఆ సంఘంలో ఉద్యోగానికి దేశం దాటినవాళ్ళు చాలామందే ఉన్నారు. చూడడానికి దాటినవాడు మాత్రం ఒకే ఒక్కడు, రిటైరైన హెడ్మాస్టరు. ఆయన వెళ్ళింది యెరూషలేముకు. వచ్చాక ఏడాది పాటు ఆ కబుర్లే చెప్పాడు. అందుకని చూడబోయే పరదేశమంటే ఆ బెంచీల మీదున్నవాళ్ళకు ఒక్కటే. మూడు పట్టణాలంటే యెరూషలేము, బేత్లెహేము, నజరేతు. వేరే మూడు ఉంటాయని ఎవరికీ తోచలేదు.

జడ్సన్ గారి కళ్ళు చెమ్మగిల్లాయి.

"చూసినారా! ఈ కాలం పిల్లలు పెళ్ళయిందే తడవు ఊటీ అని, గోవా అని పరిగెత్తతా ఉండారు. మన సుశీల్, షారన్ తొలి ప్రయాణమే పరిశుద్ధ దేశానికి పెట్టుకున్నారు!"

సంఘమంతా హల్లెలూయ అంది. సుశీల్ కంగారుగా లేచి నిలబడి చేతులు ఊపాడు. అది వినయమనుకుని ఇంకోసారి హల్లెలూయ అన్నారు. జడ్సన్ గారు తయారుచేసుకొచ్చిన ప్రసంగం పక్కనబెట్టి, వీళ్ళిద్దరినీ చూసి యువతీయువకులు ఏమేం నేర్చుకోవాలో గంటసేపు చెప్పారు.

"కాదని చెప్పొచ్చు గదమ్మా!" ఇంటికి రాగానే తల మీద చేతులు పెట్టుకున్నాడు సుశీల్.

"అయ్యగారు అంత మాటన్నాక అందరి ముందూ నిలబడి ఆ పాడు మాట నేనెట్ట చెప్పేదిరా? నువ్వే పోయి నిదానంగా చెప్పు."

ఆ సాయంత్రమే వెళ్ళాడు. "అయ్యగారూ, మేం అసలు పోయేది..." అనగానే జడ్సన్ గారు అతని తల మీద చెయ్యిపెట్టి కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన జరుగుతుంటే నోరు తెరిచే ధైర్యం సుశీల్ వంశంలో ఎవరికీ లేదు. ఆమేన్ అయ్యాక "అయ్యగారూ, సింగపూరు..." అన్నాడు. "ఆ, సింగపూరు మీద నుంచి పోయే విమానాలు కూడా ఉంటాయేమోలే" అని ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు, ఈసారి విమానం నడిపేవాడి కోసం. కాఫీ వచ్చింది. కాఫీ కోసం కూడా ప్రార్థన అయింది. ఇంక సుశీల్ చెప్పులేసుకుని వచ్చేశాడు.

మర్నాటి నుంచి ఇంటికి ఖాళీ సీసాలు రావడం మొదలైంది. సమాజంలో పాటలు పాడే డెబోరా అక్క యోర్దాను నది నీళ్ళకు సీసా ఇచ్చింది. ఒకాయన ఒలీవ నూనెకు డబ్బా ఇచ్చాడు. ఒకావిడ బేత్లెహేము మట్టి గుప్పెడు చాలంది. నాయనమ్మ పెట్టె అడుగు నుంచి తెల్లకోక తీసింది.

"దీన్ని యోర్దాన్లో ముంచి ఆరబెట్టుకోని రా అబ్బయ్యా. నేను పోయినాక నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు ఇదే కట్టాల."

హనీమూన్ కోసం కొన్న ఎర్ర సూట్‌కేసులో సీసాలూ, డబ్బాలూ, వాటిమీద ఆ కోకా చేరాయి. తన కొత్త చుడీదార్లు పట్టే చోటు లేక షారన్ వాటిని తీసి మళ్ళీ బీరువాలో పెట్టుకుంది.

ఇక మిగిలింది టికెట్లు వేసే పెంచలకృష్ణ. అతనికైనా ఉన్నది ఉన్నట్టు చెప్పి బాలికి వేయించుకుందామని సుశీల్ కావలి పరిగెత్తాడు. అప్పటికే ఫోన్ వచ్చేసింది.

"అన్నా, అయ్యగారు మాట్లాడినారు. మీరేమో బాలి అంటిరి, ఆయనేమో యెరూషలేము అంటాడు. నాకు యాడికైనా ఒకటే. ఆయనక్కూడా రావాలని ఉందంట. ఇరవైమందిని జమచేస్తే అయ్యగారి టికెట్ మేమే పెట్టుకుంటామని చెప్పినా. మీ ఇద్దరి పేర్లే పైన రాసినా."

"నేను రాయమన్నానా?"

"అయ్యగారు చెప్పినాక మిమ్మల్ని అడిగేదేముందన్నా?"

తరువాతి ఆదివారానికి ఇరవై పేర్లూ నిండాయి. జయకుమార్ ఇచ్చాడు. మగ్దలీనమ్మ ఇచ్చింది. కోకను ముంచడమేమిటి, తానే మునుగుతానని నాయనమ్మ ఇచ్చింది. ప్రయాణం వివరాలు పెంచలకృష్ణ ఫోన్లకు పంపాడు. చీకటితోనే లేచి ప్రార్థన, బస్సులో పాటలు, రాత్రి భోజనాలయ్యాక దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలు. గదుల పంపకం జడ్సన్ గారు స్వయంగా చేశారు. పుణ్యభూమి కాబట్టి మగవాళ్ళు వేరు, ఆడవాళ్ళు వేరు, గదికి ముగ్గురు. సుశీల్‌కు తోడు తండ్రి, అయ్యగారు. షారన్ నర్సు కాబట్టి అత్తతోనూ నాయనమ్మతోనూ ఉండి ఇన్సులిన్ చూసుకోవాలి.

షారన్ చదివి ఫోన్ మంచం మీద పడేసింది.

"ఆ గదికి గడియుంటదా?"

"ఉంటది."

"ఎవరేస్తారు?"

సుశీల్ ఫోన్ తీసి పేర్లు మళ్ళీ చూశాడు. "అమ్మ."

అతనికి కాలు నిలవడం లేదు. గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి గదిలోకి తిరిగాడు. "జొరమని పడుకుంటా. జొరమొస్తే ఎవరు తీసకపోతారు?"

"జొరమంటే ఇరవైమందీ వచ్చి మంచం చుట్టూ మోకాళ్ళేస్తారు. తగ్గేదాకా లేవరు" అంది షారన్. అప్పుడే మామగారు చన్నీళ్ళకు రావడంతో ఆ మాట కూడా అక్కడే ఆగిపోయింది.

వీసాలకు పేర్లు పంపే ముందు ఆదివారం ప్రయాణికుల కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టారు. సుశీల్‌నూ షారన్‌నూ ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి శాలువాలు కప్పారు. పాస్‌పోర్టులు తీసుకుపోవడానికి పెంచలకృష్ణ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అంతలో డెబోరా అక్క, ఆమె భర్త ఆయాసపడుతూ వచ్చారు. పాస్‌పోర్టులు నిన్ననే చేతికందాయట, వాళ్ళనూ చేర్చుకోమన్నారు.

"సీట్లు అయిపోయినాయక్కా, ఒక్కటి కూడా లేదు" అన్నాడు పెంచలకృష్ణ.

డెబోరా అక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వలవల ఏడ్చింది. వచ్చే ఏడు చూద్దామని జడ్సన్ గారు ఓదార్చబోయారు. అప్పుడు షారన్ శాలువా తీసి మడతపెట్టి లేచింది.

"అయ్యగారూ, మా రెండు సీట్లూ అక్కావాళ్ళకు ఇచ్చేయండి. మేం చిన్నవాళ్ళం, మాకింకా టైముంది. పెద్దవాళ్ళు ముందు చూడాల."

బెంచీల మీదున్నవాళ్ళంతా ఆమె వైపు తిరిగారు. సుశీల్ నోరు తెరుచుకుని భార్యను చూశాడు. ఆమె చూపు కలిపింది. అతనికి వెలిగింది. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా "ఆమేన్!" అని అరిచాడు.

"ఇది త్యాగం!" జడ్సన్ గారు రెండు చేతులూ పైకెత్తారు. బెంచీల మీద ముక్కులు చీదుకున్నారు. పెంచలకృష్ణ అక్కడికక్కడే పేర్లు మార్చేశాడు.

గండం గడిచిందనుకునే లోపు నాయనమ్మ లేచింది. "కుర్రకుంకల్ని ఇద్దర్నే ఇంట్లో వదిలి ఎట్ట పోయేది? తోడుకు నేనుంటా. నా సీటు కూడా ఎవరికైనా ఇచ్చేయండి."

షారన్ ముఖం తెల్లబోయింది. సుశీల్ ఒక్క అంగలో జడ్సన్ గారి దగ్గరికి చేరాడు. "అయ్యగారూ, మా నాయనమ్మ బలహీనపడతా ఉంది. ఆమె కోసం ప్రార్థన చేయండి" అన్నాడు. జడ్సన్ గారు నాయనమ్మ తల మీద చెయ్యిపెట్టారు. ఆమె రెండు మూడుసార్లు ఏదో చెప్పబోయింది. ఆయన ఆపలేదు. ఆమేన్ అనేసరికి ఆమె పాస్‌పోర్టు పెంచలకృష్ణ సంచిలో ఉంది.

ప్రయాణం నాడు చెన్నై బస్సు పాటలతో బయలుదేరింది. కిటికీలోంచి మగ్దలీనమ్మ పప్పు డబ్బా ఎక్కడుందో చెబుతూనే ఉంది. బస్సు మలుపు తిరిగాక పెంచలకృష్ణ అడిగాడు, "అన్నా, మరి మీ బాలి సంగతేంది?"

"తొందరేం లేదులే" అన్నాడు సుశీల్.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. షారన్ వసారాలో కూర్చుంది, ఉన్నట్టుండి ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే. సుశీల్ పక్కన కూర్చున్నాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ రాలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని, "ఒక మాట చెప్పనా? నాకు విమానమంటే చచ్చేంత భయమండీ" అంది.

"నాకూ భయమే. మరి ఊళ్ళు మాటిమాటికీ ఎందుకు మార్చినాననుకున్నావు?"

ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నారు. వాళ్ళు మొదలుపెట్టి ముగించిన మొదటి మాట అదే. తరువాత ఇంకా చాలా మాటలు ముగించారు.

ఆ ఆదివారం ఇద్దరూ చర్చికి వెళ్ళలేదు. ఎందుకు రాలేదని అడగాల్సిన వాళ్ళందరూ యెరూషలేములో ఉన్నారు.