ఎండల టూరు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న మడుగు ఉంది. పెద్ద అడవి అన్నాను కదా అని సింహం కోసం ఎదురుచూడకండి, ఈ కథలో ఆయనకి వేషం లేదు. ఇది కప్పల రాక్ బ్యాండు కథ. నిజం చెప్పాలంటే వాళ్ళ అభిమానుల కథ. కప్పల తప్పు ఇందులో పెద్దగా ఏమీ లేదు.

బెకబెక బ్యాండు ఏటా తొలకరికి బయల్దేరి అడవంతా టూరు తిరిగేది. ఆఖరి కచేరీ మటుకు ఈ మడుగులోనే. గొంతప్ప పాడేవాడు, అతని తమ్ముడు బోలు దుంగని డ్రమ్ముగా చేసుకుని వాయించేవాడు. ఒక్కో ఏడాది టూరుకి ఒక్కో పేరు. బురద టూరు, మిడతల టూరు, పిడుగు టూరు, అలాగన్నమాట.

అభిమానులకి ఒక సంఘం ఉంది. సంఘానికి ఉన్నది ఒక్కటే పని. కచేరీకి పది రోజుల ముందు నేరేడు చెట్టు కింద చేరి, ఇన్నేళ్ళ టూర్లలో ఏది గొప్పదో తేల్చాలి. గొప్పదని తేలిన టూరుని కళ్ళారా చూసినవాడికి స్టేజీ ముందున్న పలకరాయి ఇస్తారు. మిగతావాళ్ళంతా వెనకాల గడ్డిలో కూర్చోవాలి. కాబట్టి ఎవరు మొదట చూసిన టూరు వాళ్ళకి గొప్పది. ఇందులో వింతేం లేదు, మనమైనా అంతేగా.

ఇన్నేళ్ళుగా పలకరాయి తాబేలు డిప్పయ్యదే. సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. మొట్టమొదటి బురద టూరు చూసినవాళ్ళలో బతికి ఉన్నది ఆయనొక్కడే. పాపం ఆయనకి చెవులు మందగించాయి. పక్కవాడి మాట వినబడుతుంది గానీ, గడ్డిలో కూర్చుంటే పాట వినబడదు. పలకరాయి మీద పొట్ట ఆనించి పడుకుంటే మాత్రం డ్రమ్ము దెబ్బ రాయిలోంచి నేరుగా ఒంట్లోకి వచ్చేది. ఆ ఒక్క సాయంత్రం కోసమే ఏడాదంతా బతికేవాడు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెవిటి అధ్యక్షుడేమిటని నవ్వుతారని భయం.

ఈ ఏడు మీటింగులో కార్యదర్శి నక్క గొంతు సవరించుకుంది.

"అధ్యక్షా, బురద టూరు చూసింది మీరే, పొగిడేదీ మీరే. ఈసారి కాళ్ళెత్తించి తేలుద్దాం."

"పిడుగు టూరే గొప్పది," అంది నెమలి. "మూడో పాటకి నేను పురి విప్పాను. ఆ తర్వాత కప్పల వంక ఎవరు చూశారు?"

"పాటల సంగతి నాకు తెలీదు గానీ, పిడుగు టూర్లో కందగడ్డలు బాగుండేవి," అంది అడవిపంది.

అందరూ తలలూపుతున్నారు. పలకరాయి నెమలి కాళ్ళ కిందికి వెళ్ళిపోతోందని డిప్పయ్యకి అర్థమైంది. ఏం మాట్లాడుతున్నాడో తెలిసే లోపలే నోరు జారాడు.

"మీరెవరూ ఎండల టూరు చూడలేదు కాబట్టి ఇలా అంటున్నారు. నేను చూశాను."

ఎండల ఏడు అంటే చినుకు పడని ఏడు. మడుగు నెర్రెలిచ్చింది. కప్పలు అడుగు బురదలోకి దూరి ఏడాది పొడుగునా నిద్రపోయాయి. టూరూ లేదు, పాటా లేదు. అడవంతా నీళ్ళు వెతుక్కుంటూ వలసపోయింది గనక, కాదనేవాడు ఉండడని డిప్పయ్య ధీమా. నిజమే, ఎవరూ కాదనలేదు. అదే ఆయన కొంప ముంచింది.

చూడలేదంటే పరువు పోదూ?

"ఎవరు చూడలేదన్నారు?" అంది నెమలి. "రెండో వరసలో ఉన్నాను. అప్పుడు ఈకలు ఊడిపోయి ఉన్నాయి, మీరు పోల్చుకోలేదేమో."

"మూడో వరసలో నేను," అంది పంది. "ఆ పాటలకి కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. కందగడ్డ ముట్టలేదంటే నమ్మండి."

"నేను టూరంతా బ్యాండు వెంటే తిరిగాను," అంది నక్క. అది అంతకన్నా తక్కువ ఎందుకు చెబుతుంది?

నిన్ననే సంఘంలో చేరిన ముంగిస ముత్యాలు ఒక్కతే నిజం చెప్పింది. "నేను ఏ టూరూ చూడలేదండీ. ఒక్క పాట వింటే చాలు." అంతా ఆమె వంక జాలిగా చూశారు.

ముత్యాలు తప్ప అందరూ కాలెత్తారు. ఎండల టూరే గొప్పదని తేలింది. ముందు గుర్తుచేసింది ఆయనే గనక పలకరాయి డిప్పయ్యకే అన్నారు. ఆయన ప్రాణం లేచొచ్చింది. అక్కడితో ఊరుకుంటే పీడాపోయేది. నక్క మళ్ళీ లేచింది.

"అంత గొప్ప టూరుని కొత్తవాళ్ళు చూడొద్దా? ఆ ఏడు ఎలా చేశారో అచ్చం అలాగే చెయ్యమని బ్యాండుకి ఉత్తరం రాద్దాం. ఒక్క ముక్క మారకూడదు."

చప్పట్లు మోగాయి. డిప్పయ్య తల డిప్పలోకి లాక్కున్నాడు.

గొంతప్ప ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"ఎండల ఏడు మనమేం చేశాంరా?" అని తమ్ముణ్ణి అడిగాడు.

"బురదలో పడి నిద్రపోయాం, అన్నా."

"అదే చెయ్యమంటున్నారు."

"పన్నెండు కొత్త పాటలు కట్టుకున్నాం కదా?"

"కట్టుకున్నాంలే. కొత్తది పాడితే పాతది పాడమంటారు, పాతది పాడితే అప్పట్లా లేదంటారు. నిద్రకి ఏం వంక పెడతారో అదీ చూద్దాం."

కచేరీ రోజు మడుగు చుట్టూ ఇసుక వేస్తే రాలనంత జనం. కప్పలు స్టేజీ ఎక్కాయి, దండం పెట్టాయి, ఒక్కొక్కటే బురదలోకి దూరి పడుకున్నాయి.

"ఆ ఎత్తుగడ చూశారా? అచ్చం అప్పట్లాగే," అంది నెమలి కళ్ళు మూసుకుని.

పంది ముక్కు చీదుకుంది.

"నాకేం వినబడటం లేదండీ," అంది ముత్యాలు.

"మొదట్లో అందరికీ అంతేనమ్మా," అంది నక్క. "చెవి తయారవ్వాలి."

డిప్పయ్య రాయికి పొట్ట ఆనించి కాచుకున్నాడు. ఒక్క దెబ్బ వస్తే చాలనుకున్నాడు. రాదని ఆయనకి తెలుసు, అయినా కాచుకున్నాడు. ఏడాదికొక్క సాయంత్రం, దాన్ని తన నోటితో తనే పోగొట్టుకున్నాడు. ఏడుపు ఆగలేదు. పలకరాయి మీదే నిలబడి చెప్పేశాడు.

"అబద్ధమాడాను. ఎండల ఏడు కచేరీ జరగలేదు. నేనూ చూడలేదు, మీరూ చూడలేదు. మీ కాళ్ళకి మొక్కుతా, వాళ్ళని లేపి పాడమనండి."

నక్క నింపాదిగా దగ్గరికొచ్చింది.

"తమరు చూడలేదంటే నమ్ముతాం. మేం చూడలేదని తమకెలా తెలుసు? తమరు అక్కడ లేరు కదా?"

చూడనివాడికి పలకరాయేమిటని దింపేశారు. నెమలి ఎక్కి కూర్చుంది. ఆయన గడ్డిలోంచి పాక్కుంటూ చివరికి వచ్చేసరికి ముత్యాలు ఎదురొచ్చింది.

"పోదాం పద తాతా. వీళ్ళ దగ్గర మనకేం పని?"

ఇద్దరూ మొగలిపొదల దారి పట్టారు. ఆయన నడకకి అర కోసు దాటేసరికి కచేరీ అయిపోయింది, చప్పట్లు కూడా ఆగిపోయాయి. కప్పలు బురద దులుపుకుని అదే దారిన ఇంటికి వస్తున్నాయి. అంతసేపు నోరు మూసుకున్న కప్పకి గొంతు ఊరుకుంటుందా? పొదల దగ్గర ఆగి కొత్త పాటలు ఎత్తుకున్నాయి. తమ్ముడు దుంగ కింద పెట్టి దరువు వేశాడు.

తడి నేల. డిప్పయ్య ఉన్నచోటనే పొట్ట ఆనించి పడుకున్నాడు. దెబ్బ వచ్చింది. ఇంకోటి వచ్చింది.

"తాతా, బురద టూరు ఇంతకన్నా బాగుండేదా?" అని చెవి దగ్గర అడిగింది ముత్యాలు.

ఆయన అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "ఆ రోజుల్లో..." అని మళ్ళీ మూసుకున్నాడు. "తర్వాత చెబుతాలే, ముందు విననీ." పన్నెండు పాటలూ అయ్యేదాకా ఇద్దరూ కదల్లేదు.

మర్నాడు నేరేడు చెట్టు కింద సంఘం కూర్చుంది. నిన్నటి కచేరీ ఎలా ఉందని కార్యదర్శి అడిగింది.

"బాగానే చేశారు గానీ," అని నెమలి నిట్టూర్చింది, "అసలు ఎండల టూరు ముందు ఇది దిగదుడుపే."

అందరూ అవునని తలలూపారు.

నీతి: జరగని కచేరీలో ఎవరికీ శ్రుతి తప్పదు.